జపనీస్, చైనీస్ భాషల్లో ప్రభుత్వ పదాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

సాయంత్రాలు జపనీస్ పాఠాలు చెబుతాను. మిగతా వేళల్లో జపనీస్, చైనీస్ పత్రాల అనువాదం నా పని. ఏ కొత్త బ్యాచి వచ్చినా ప్రభుత్వ పదాల పాఠం దగ్గరికి రాగానే అవే సందేహాలు మొదలవుతాయి. టోక్యోలో ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళు, చైనాలో వైద్యం చదువుతున్నవాళ్ళు ఫోను చేసి అడిగేవీ దాదాపు అవే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవనక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గర ఆగితే చాలు. ఉచ్చారణలన్నీ తెలుగు లిపిలోనే ఇచ్చాను.

## మొదలుపెట్టే ముందు

రెండు దేశాలూ ఒకే అక్షరాలు వాడుతున్నాయి కదా, ప్రభుత్వ పదాలు కూడా ఒకటే కదా?

సగం ఒకటే. చిక్కు వచ్చేది ఆ సగంతోనే. ప్రభుత్వానికి జపనీస్‌లో "సేఫు", చైనీస్‌లో "జెంగ్‌ఫూ" అంటారు. పలుకు వేరైనా రాసే అక్షరాలు అవే. రాజకీయం (సేజి, జెంగ్‌జి), చట్టం (హోరిత్సు, ఫాల్యూ), ఎన్నిక (సెన్క్యో, శ్యెన్‌జ్యూ) కూడా అంతే. భావాలకు పెట్టిన పేర్లు ఇలా చక్కగా కలుస్తాయి. పదవులు, కార్యాలయాలు, ప్రాంతాల పేర్ల దగ్గరికి వచ్చేసరికి అవే అక్షరాలు వేరే మనిషిని, వేరే భవనాన్ని చూపిస్తాయి. మనకు ఇది కొత్త కాదు. హిందీలో "శిక్షా" అంటే చదువు, తెలుగులో శిక్ష అంటే ఏమిటో తెలుసు. హిందీ "ఉపన్యాస్" నవల, మన ఉపన్యాసం సభలో చేసేది. తెలుగులో రాష్ట్రం అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లాంటిది. కానీ "రాష్ట్రపతి" దేశమంతటికీ అధిపతి. అందులోని రాష్ట్రం హిందీ రాష్ట్రం, అంటే జాతి, దేశం. ఈ ఒక్క ఉదాహరణ మనసులో ఉంచుకుంటే జపనీస్, చైనీస్ పదాల మధ్య తగాదా సగం అర్థమవుతుంది.

ఈ పదాలు చైనా నుంచి జపాన్‌కు వెళ్ళాయా, జపాన్ నుంచి చైనాకు వచ్చాయా?

రెండూ జరిగాయి, మధ్యలో వెయ్యేళ్ళకు పైగా ఎడం. మొదటి ప్రయాణం చైనా నుంచి జపాన్‌కు. తాంగ్ రాజుల కాలపు పాలనా పద్ధతిని చూసి జపాన్ 701లో తైహో స్మృతి రాసుకుంది. శాఖలు, హోదాల పేర్లు అప్పుడు వెళ్ళాయి. రెండో ప్రయాణం పంతొమ్మిదో శతాబ్దం చివర ఎదురు దిశలో సాగింది. ఐరోపా రాజకీయ భావాలకు మెయిజి కాలపు జపాన్ పండితులు చైనా అక్షరాలతోనే పేర్లు పెట్టారు. కొన్ని కొత్తగా కూర్చారు, కొన్ని పాత గ్రంథాల్లోంచి తీసి కొత్త అర్థం తొడిగారు. జపాన్‌లో చదువుకున్న చైనా విద్యార్థులు వాటిని ఇంటికి తెచ్చుకున్నారు.

"కెన్పో" అన్న మాట చూడండి. 604లో షోతోకు యువరాజు రాశాడని చెప్పే పదిహేడు సూత్రాల పత్రానికి అదే పేరు. నిజానికి అది అధికారులకు చెప్పిన నీతి, మొదటి సూత్రమే సామరస్యం గురించి. అదే మాట మెయిజి కాలంలో ఆధునిక రాజ్యాంగానికి పేరైంది, చైనాలోనూ "శ్యెన్‌ఫా"గా నిలిచింది. మన "రాజ్యాంగం" కథ కూడా ఇలాంటిదే. స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు అని పూర్వులు చెప్పిన రాజ్యపు అంగాల మాటకు ఇప్పుడు వేరే కొలువు దొరికింది.

జపాన్‌వాళ్ళు తమ సొంత ఉచ్చారణతో పలికే మాటలు కూడా కొన్ని ఇలా చైనాకు వెళ్ళాయి. ఆఫీసు పనిలో జరగవలసిన తతంగాన్ని జపనీస్‌లో "తెత్సుజుకి" అంటారు. చైనా వాళ్ళు ఆ ఉచ్చారణను పట్టించుకోకుండా అక్షరాలను తమ పద్ధతిలో చదివి "షోశ్యూ" చేసుకున్నారు. ఇప్పుడు ఏ చైనా ఆఫీసుకు వెళ్ళినా ముందు వినిపించేది ఆ మాటే.

"డెమోక్రసీ"కి వాడే మాట అచ్చమైన చైనా మాటేనా?

అక్షరాలు చైనావే, అర్థం తిరగబడింది. "మిన్‌జూ" అంటే పాత గ్రంథాల్లో ప్రజలకు ప్రభువు, అంటే రాజు. 1864లో అంతర్జాతీయ న్యాయ గ్రంథాన్ని చైనీస్‌లోకి తెచ్చినప్పుడు అదే మాటను ప్రజలే ప్రభువులుగా ఉండే పద్ధతికి వాడారు. జపాన్‌లో అది "మిన్షు" అయింది. తెలుగులో "ప్రజాప్రభువు" అంటే ప్రజలకు ప్రభువా, ప్రజలనే ప్రభువా అని సమాసం విడదీసి అడగవచ్చు కదా, అలాంటి తిరకాసు ఇది.

మన భాషలకూ ఈ పదాలకూ ఎక్కడైనా చుట్టరికం ఉందా?

ఒకచోట ఉంది, అదీ పేరులోనే. చైనీస్ ప్రామాణిక భాషను బయటివాళ్ళు "మాండరిన్" అంటారు. ఆ మాట మన మంత్రే. సంస్కృత మంత్రి మలయ్ భాషలో "మెంతెరి" అయింది. పోర్చుగీసు వాళ్ళు దాన్ని "మందరిం" చేసి చైనా అధికారులకు పెట్టారు. చివరికి ఆ అధికారులు మాట్లాడే భాషకే అంటుకుంది. చైనా వాళ్ళు మాత్రం తమ భాషను అలా పిలవరు. పూర్వం "గ్వాన్‌హ్వా" అనేవారు, అంటే అధికారుల పలుకు. ఇప్పుడు చైనాలో "పూతోంగ్‌హ్వా", తైవాన్‌లో "గ్వోయ్యూ".

తెలుగులో రాసినదాన్ని అలాగే చదివితే వాళ్ళకు అర్థమవుతుందా?

జపనీస్ అయితే చాలావరకు అవుతుంది. త, ద అక్షరాలను మనలాగే పళ్ళకు నాలుక తాకించి పలుకుతారు. పోలీసులకు వాడే "కేసత్సు"లోని చివరి అక్షరం మన "చుక్క"లోని చు. "చుట్టం"లోని చు కూడా అదే, "చిలుక"లోని చి కాదు. ఇతర భాషలవాళ్ళు నెలలు కష్టపడే ఈ ధ్వని మనకు పుట్టుకతో వచ్చింది. చైనీస్‌లో కూడా "జడ"లోని జ, "జనం"లోని జ వేరువేరు అక్షరాలుగా ఉంటాయి. ప్రధానమంత్రి "జోంగ్లీ"లో జడలోని జ, అధ్యక్షుడు "జూశీ"లో నాలుక వెనక్కి మడిచిన జ. అయితే చైనీస్ స్వరాల ఎత్తుపల్లాలు తెలుగు లిపిలో పట్టుబడవు. వాటిని చెవితోనే నేర్చుకోవాలి.

## వార్తలు చదవడం మొదలుపెట్టాక

మంత్రిత్వ శాఖను జపాన్‌లో "షో" అంటారు. చైనా మ్యాపులో అదే అక్షరం ప్రతి రాష్ట్రం పేరు పక్కనా ఎందుకుంది?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది. ఆ అక్షరాన్ని చైనీస్‌లో "షెంగ్" అంటారు. తాంగ్ కాలంలో రాజధానిలోని పెద్ద కార్యాలయానికి ఆ పేరు. పైన మూడు షెంగ్‌లు, కింద ఆరు "బు"లు, ఇదీ అప్పటి కేంద్ర పాలన. జపాన్ ఆ షెంగ్‌ను తీసుకుని "షో" అని పలికి ఎనిమిది శాఖలు పెట్టుకుంది. అక్కడ ఆ అర్థం ఇప్పటికీ చెక్కుచెదరలేదు: విదేశాంగ శాఖ "గైముషో", ఆర్థిక శాఖ "జైముషో".

చైనాలో తర్వాత మంగోలుల యువాన్ పాలన వచ్చింది. అంత పెద్ద రాజ్యాన్ని రాజధానిలో కూర్చుని ఏలడం కష్టమై, కేంద్ర సచివాలయానికి దూర ప్రాంతాల్లో శాఖా కార్యాలయాలు తెరిచారు. "ఫలానా చోట ఉన్న కదిలే షెంగ్" అని వాటి పేర్లు. కాలక్రమాన ఆఫీసు పేరు ఆ ఆఫీసు ఏలే నేలకు అంటుకుంది. కలెక్టరేటు ఉన్న వీధి పేరు కలెక్టరాఫీసు సెంటర్ అయినట్టే, కాకపోతే ఇక్కడ వీధి బదులు కోట్ల మంది ఉన్న రాష్ట్రం. అందుకే నేటి చైనాలో షెంగ్ అంటే రాష్ట్రం. మంత్రిత్వ శాఖకు అప్పటి ఆరు "బు"ల పేరు మిగిలింది: విదేశాంగ శాఖ "వాయ్‌జ్యావ్‌బు", ఆర్థిక శాఖ "త్సాయ్‌జెంగ్‌బు".

జపాన్ ఆర్థిక శాఖకు 2001 దాకా "ఓకురాషో" అని పేరుండేది, అంటే పెద్ద కొట్టు శాఖ. పన్నుగా వచ్చిన ధాన్యమూ వస్త్రమూ కొట్లలో పోసిన కాలం నాటి మాట. 2001 జనవరిలో శాఖలన్నిటినీ కుదించినప్పుడు ఆ పేరు పోయింది. నాకు ఇప్పటికీ జైముషో కన్నా ఓకురాషోయే బాగుంటుంది.

"బు" అధిపతి "బూజాంగ్" మంత్రి అయితే, జపాన్ కంపెనీల్లో ఇంతమంది "బుచో"లు ఎవరు?

మంత్రులు కాదు, విభాగాధిపతులు. అక్షరాలు ఒకటే. జపాన్‌లో "బు" అంటే కంపెనీలో ఒక విభాగం, "బుచో" ఆ విభాగపు పెద్ద. జపాన్ మంత్రి "దైజిన్". ఆ దైజిన్‌ను చైనీస్‌లో "దాచెన్" అని చదివితే రాజుల కాలపు సీరియల్లో మోకరిల్లే అమాత్యుడు కళ్ళముందుకు వస్తాడు. మొదట్లో నేనూ బోల్తాపడ్డాను. ఒక వ్యాపార బృందం జాబితాను అనువదించమంటే, అప్పటికి చైనీస్ ఎక్కువగా చదువుతున్న ఊపులో ఇద్దరు బుచోలను మంత్రులను చేశాను. ఆహ్వాన కమిటీ వాళ్ళు ప్రోటోకాల్ గురించి ఎవరినో విచారించేదాకా సంగతి బయటపడలేదు.

చైనా వార్తలు మన ప్రధానిని "జోంగ్లీ" అని, జపాన్ ప్రధానిని "షోశ్యాంగ్" అని ఎందుకు రాస్తాయి?

రెండూ ప్రధానమంత్రే. జోంగ్లీ అంటే అన్నీ చక్కబెట్టేవాడు. చైనా సొంత ప్రధాని, మన ప్రధాని, జర్మనీ ఛాన్సలర్ ఈ కోవలోకి వస్తారు. షోశ్యాంగ్ అంటే ప్రథమామాత్యుడు. బ్రిటన్, జపాన్, కంబోడియా ప్రధానులను అలా అంటారు. సింహాసనం ఉన్న దేశాలకు షోశ్యాంగ్ అన్న లెక్క చాలాచోట్ల పనిచేస్తుంది గానీ కెనడా, ఆస్ట్రేలియా దగ్గర తప్పుతుంది, వాళ్ళు జోంగ్లీలే. జపనీస్ పత్రికలకు ఈ బెడద లేదు. తమ ప్రధాని, మన ప్రధాని, చైనా ప్రధాని అందరూ "షుషో"లే. జపాన్ ప్రధాని పూర్తి హోదా "నైకాకు సోరి దైజిన్", మంత్రివర్గాన్ని చక్కబెట్టే అమాత్యుడు. 1885లో ఆ పదవి ఏర్పడినప్పుడు మొదట కూర్చున్నది ఇతో హిరొబుమి.

"అధ్యక్షుడు" అనడానికి అసలు ఎన్ని మాటలున్నాయి?

తెలుగులో పార్టీ అధ్యక్షుడు, సభాధ్యక్షుడు, అమెరికా అధ్యక్షుడు అందరినీ ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం. అక్కడ అలా కుదరదు.

అమెరికా, ఫ్రాన్స్ దేశాధ్యక్షుడు, మన రాష్ట్రపతి: జపనీస్‌లో "దైతోర్యో", చైనీస్‌లో "జోంగ్‌తోంగ్". తైవాన్ అధ్యక్షుడూ అక్కడి పత్రికల్లో జోంగ్‌తోంగ్. చైనా దేశాధిపతి మాత్రం "గ్వోజ్యా జూశీ". జూశీ అంటే సభలో ప్రధాన ఆసనంలో కూర్చున్నవాడు. జపాన్ పత్రికలు ఆయనను దైతోర్యో అనవు, అవే అక్షరాలతో "కొక్కా షుసెకి" అంటాయి. ఇక "సోసై" జపాన్‌లో అధికార పార్టీ అధ్యక్షుడు, కేంద్ర బ్యాంకు గవర్నరు కూడా. అవే అక్షరాలు చైనాలో "జోంగ్‌త్సాయ్", పెద్ద కంపెనీ అధిపతి. టోక్యోలో సోసై ఎన్నికంటే దేశానికి ప్రధాని ఎవరో తేలే సందర్భం. షాంఘైలో జోంగ్‌త్సాయ్ మారాడంటే షేర్లు కొన్నవాళ్ళకే పట్టింపు.

చైనా నగరంలో మేయర్ పెద్దా, "షూజీ" పెద్దా?

షూజీ. ఆయన ఆ నగర కమ్యూనిస్టు పార్టీ కమిటీ కార్యదర్శి. మేయరు, అంటే "షిజాంగ్", ఆయన తర్వాతే. దేశం మొత్తానికి "జోంగ్ షూజీ" పార్టీ ప్రధాన కార్యదర్శి. ఇవే అక్షరాలు జపనీస్‌లో "షొకి" అవుతాయి. అంటే సమావేశంలో మూలన కూర్చుని మినిట్స్ రాసుకునేవాడు, తరగతిలో నోట్సు బాధ్యత తీసుకున్న పిల్లవాడు. జపాన్ నేపథ్యంతో వచ్చినవాళ్ళు చైనా బృందంలోని షూజీని గుమాస్తా అనుకుని చివరి కుర్చీ చూపిస్తే పని చెడుతుంది. మనకూ కార్యదర్శి అన్న ఒక్క మాట పంచాయతీ కార్యదర్శి నుంచి ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి దాకా సాగుతుంది కాబట్టి అర్థం చేసుకోవడం కష్టం కాదు.

పార్లమెంటుకు రెండింటిలోనూ ఒకే మాట వాడవచ్చా?

జపాన్ పార్లమెంటు "కొక్కై". దిగువ సభ "షూగి-ఇన్"లో 465 మంది, ఎగువ సభ "సంగి-ఇన్"లో 248 మంది. ఇవే అక్షరాలను చైనీస్‌లో "గ్వోహ్వే" అంటారు గానీ, అది ఇతర దేశాల పార్లమెంట్లకు వాడే మాట. చైనా తన సభను "రెన్మిన్ దైబ్యావ్ దాహ్వే" అంటుంది, అంటే ప్రజాప్రతినిధుల మహాసభ. పత్రికల్లో కుదించి "రెన్‌దా". దాదాపు 3,000 మంది సభ్యులు ఏడాదికి ఒకసారి, మామూలుగా మార్చిలో, కలుస్తారు. తైవాన్ సభ "లీఫాయ్వెన్", 113 మంది. మన లోక్‌సభను చైనీస్‌లో "రెన్మిన్‌య్వెన్" అంటారు, ప్రజల సభ అని అచ్చంగా. జపనీస్ పత్రికలు అంత శ్రమ పడవు. "కైన్" అంటే దిగువ సభ, "జోయిన్" అంటే ఎగువ సభ, అంతే.

పాలక పక్షం, ప్రతిపక్షం?

జపనీస్‌లో పాలక పక్షం "యోతో", ప్రతిపక్షం "యాతో". యాలోని అక్షరానికి బయలు, పొలం అని అర్థం. కొలువులో చోటు లేక ఊరి బయట ఉన్నవాళ్ళని భావం. చైనీస్‌లో పాలక పక్షం "జిజెంగ్‌దాంగ్", బయలు అక్షరంతోనే "జాయ్‌యెదాంగ్" ప్రతిపక్షం.

"నగాతాచో గుర్రుగా ఉంది", "కసుమిగసెకి ఒప్పుకోలేదు" అని వార్తల్లో రాస్తారు. ఇవి ఊళ్ళా?

టోక్యోలో పక్కపక్కనే ఉన్న పేటలు. నగాతాచోలో పార్లమెంటు, ప్రధాని కార్యాలయం "కంతే" ఉన్నాయి కాబట్టి ఆ పేరు రాజకీయ నాయకులకు బదులు. కసుమిగసెకిలో మంత్రిత్వ శాఖల భవనాలున్నాయి, కాబట్టి అది అధికార గణానికి బదులు. చైనా విషయంలో "జోంగ్‌నాన్‌హాయ్" అలాంటిది. బీజింగ్ రాజప్రాసాదం పక్కనున్న సరస్సుల పేరు, అక్కడే అగ్రనాయకత్వం కార్యాలయాలు. అనువాదంలో పేటల పేర్లు అలాగే వదిలేస్తే తెలుగు పాఠకుడికి ఏమీ అందదు. "రాజకీయ వర్గాలు", "అధికార వర్గాలు" అని రాయండి.

## మ్యాపు, చిరునామా దగ్గర

"కెన్" అంటే జిల్లానా, రాష్ట్రమా?

జపాన్‌లో దేశం కింద నేరుగా ఉండే పెద్ద విభాగం. 1871లో సామంతుల సంస్థానాలను రద్దు చేసి కెన్‌లను ఏర్పాటు చేశారు. ఇప్పుడు 47 విభాగాలుంటే వాటిలో 43 కెన్‌లు. టోక్యో "తో", హొక్కైదో "దో", ఒసాకా, క్యోటో "ఫు"లు. కెన్ అధిపతి "చిజి"ని ప్రజలు నేరుగా ఎన్నుకుంటారు. మన రాష్ట్రాలకున్నంత స్వతంత్ర అధికారం లేదు కాబట్టి రాష్ట్రం అనడానికి మనసొప్పదు, జిల్లా అంటే చిన్నబోతుంది.

అదే అక్షరం చైనాలో "శ్యెన్", రాష్ట్రానికీ నగరానికీ దిగువన ఉండేది. క్రీ.పూ. 221లో చిన్ చక్రవర్తి దేశాన్ని 36 "జ్యున్"లుగా విభజించి, వాటి కింద శ్యెన్‌లు పెట్టాడు. జ్యున్ పైన, శ్యెన్ కింద. జపాన్‌లో ఇది తలకిందులైంది: కెన్ పైన, జ్యున్ అక్షరంతో రాసే "గున్" కింద. ఆ గున్‌కు ఇప్పుడు ఆఫీసు కూడా లేదు, పల్లెల చిరునామాల్లో పేరుగా మిగిలింది.

"షి" అంటే నగరం కదా, చైనాలో ఒక "షి" లోపల ఇంకో "షి" ఎలా ఉంది?

చైనాలో షి అంటే కట్టడాలతో నిండిన పట్నం మాత్రమే కాదు, ఒక పాలనా హోదా. సూజో షి తీసుకోండి, దాని పరిధిలో కున్‌షాన్ షి ఉంది. సూజో మన జిల్లా స్థాయి నగరం, కున్‌షాన్ శ్యెన్ స్థాయి నగరం. పొలాలూ పల్లెలూ కూడా వీటిలో ఉంటాయి. జపాన్‌లో షి ఎప్పుడూ కెన్ లాంటి పెద్ద విభాగం కిందే ఉంటుంది, దాని లోపల మరో షి ఉండదు.

మన రాష్ట్రాలను, ముఖ్యమంత్రిని వాళ్ళు ఏమంటారు?

జపనీస్‌లో భారత రాష్ట్రమైనా అమెరికా రాష్ట్రమైనా "షూ". చైనీస్‌లో అమెరికా రాష్ట్రం "జో", మన రాష్ట్రం "బాంగ్". ఆంధ్రప్రదేశ్ "ఆన్‌దెలా బాంగ్" అవుతుంది. బాంగ్ పూర్వం సామంత రాజ్యానికి వాడిన మాట. ముఖ్యమంత్రి జపనీస్ వార్తల్లో "షూ షుషో", అంటే రాష్ట్ర ప్రధాని. చైనీస్‌లో "షోశీ బూజాంగ్", అంటే ప్రథమ స్థానంలోని మంత్రి. రెండింటిలో చైనీసే మన మాటకు దగ్గర.

## కార్యాలయం గడప తొక్కాక

జపాన్‌లో దిగాక మొదట ఏ ఆఫీసుకు వెళ్ళాలి, అక్కడ ఏ మాటలు వినిపిస్తాయి?

నగరమైతే "షియాకుషో", టోక్యోలో వార్డు కార్యాలయం "కుయాకుషో", చిన్న ఊరైతే "యాకుబా". మన వాళ్ళు ఎక్కువగా ఉండే నిషి-కసాయి ఎదొగావా వార్డు కిందికి వస్తుంది. ఇల్లు కుదిరాక 14 రోజుల్లోగా చిరునామా నమోదు చేయించాలి. విమానాశ్రయంలో ఇచ్చిన "జైర్యూ కాదొ", అంటే నివాస కార్డు, వెంట ఉండాలి. కౌంటరు "మదొగుచి", అక్షరార్థం కిటికీ నోరు. చైనీస్‌లోనూ అదే అర్థంతో "చ్వాంగ్‌కో". నివాస ధ్రువపత్రం "జూమిన్‌హ్యో", 12 అంకెల గుర్తింపు సంఖ్య "మై నంబా".

"తొదొకె", "షిన్సే" రెండూ దరఖాస్తులేనా?

కాదు. తొదొకె తెలియజేయడం: ఇల్లు మారాం, బిడ్డ పుట్టింది అని చెప్పడం. షిన్సే అడగడం: ఫలానాది మంజూరు చేయండి అని. మొదటిదానికి అనుమతి అక్కర్లేదు, రెండోదానికి ఎదురుచూడాలి.

ఫారంలో పుట్టిన సంవత్సరం పక్కన ఉన్న చిన్న చిన్న అక్షరాలు ఏమిటి?

చక్రవర్తుల శకాలు. గడి మొదట్లో షోవా, హేసే, రేవా అని వరసగా అచ్చువేసి ఉంటాయి. మీ శకం చుట్టూ పెన్నుతో సున్న చుట్టి, పక్క గడిలో శక సంవత్సరం రాయాలి. లెక్క తేలిక. షోవాకు 1925, హేసేకు 1988, రేవాకు 2018 కలిపితే మన సంవత్సరం వస్తుంది. 1990లో పుట్టినవారు హేసే 2. ఎదురు లెక్క వేసేటప్పుడు జాగ్రత్త: 1989 జనవరి మొదటి వారం ఇంకా షోవా 64, ఆ తర్వాత హేసే 1. అలాగే 2019 మే 1 నుంచే రేవా. మొదటి సంవత్సరాన్ని ఒకటి అనకుండా "గన్నెన్" అంటారు. ప్రభవ, విభవ అని అరవై పేర్లు తిప్పుకునే మనకు సంవత్సరానికి పేరుండటం వింత కాదు. చైనాలో ఈ గొడవ లేదు, అక్కడ 1949 నుంచి మామూలు క్రీస్తు శకమే. తైవాన్‌లో గణతంత్ర శకం, దానికి 1911 కలపాలి.

చైనాలో చదువుకోవడానికి వచ్చాం. "పాయ్‌చూస్వో"కు వెళ్ళమంటున్నారు, అది పోలీసు స్టేషనట. ఏదైనా తప్పు జరిగిందా?

ఏమీ జరగలేదు. హోటల్లో కాకుండా బయట ఇంట్లో దిగిన విదేశీయుడు 24 గంటల్లోగా స్థానిక పాయ్‌చూస్వోలో నమోదు చేయించుకోవాలని అక్కడి నియమం. ఇంటి పత్రం, పాస్‌పోర్టు తీసుకువెళ్ళండి. ఎక్కువ కాలం ఉండటానికి ఇచ్చే అనుమతి "జ్యూల్యూ శ్యూకె". జపాన్‌లో ఇవే అక్షరాలతో "హషుత్సుజొ" అని వీధి మూల పోలీసు చావిడికి పేరుండేది. 1994 నుంచి అధికారికంగా "కోబాన్" అయింది.

"హుకో", "కొసెకి" ఒకటేనా?

మూలం ఒకటే, ఇంటింటి చిట్టా. పర్యవసానం వేరు. జపాన్ కొసెకి కుటుంబ సంబంధాల నమోదు. ఎవరి బిడ్డ, ఎవరిని పెళ్ళాడారు అన్నంతవరకే. మనిషి ఎక్కడ ఉంటున్నాడన్నది జూమిన్‌హ్యో చూస్తుంది. చైనాలో 1958 నిబంధనలతో స్థిరపడిన హుకో మనిషిని ఒక ఊరికి కట్టేస్తుంది. పల్లె హుకోతో నగరంలో ఏళ్ళ తరబడి పనిచేసినా, పిల్లల బడి దగ్గరా వైద్యం దగ్గరా ఆ కాగితం అడ్డొస్తుంది. సంస్కరణలు వచ్చాయి, పెద్ద నగరాల్లో పట్టు ఇంకా గట్టిగానే ఉంది. కాబట్టి హుకోను "రేషను కార్డు" అని అనువదించకండి.

ముద్ర లేకపోతే పని జరగదంటారు, నిజమా?

జపాన్‌లో మనిషికో ముద్ర, "హంకొ". వార్డు కార్యాలయంలో నమోదు చేసినది "జిత్సుయిన్". ఇల్లు కొనడం లాంటి పెద్ద వ్యవహారాలకు అదే. 2020 తర్వాత చాలా ప్రభుత్వ ఫారాల నుంచి ముద్ర గడి తీసేశారు. చైనాలో బరువంతా సంస్థ ముద్రకు, "గోంగ్‌జాంగ్"కు. ఎర్రటి వలయం, చుట్టూ సంస్థ పేరు, ప్రభుత్వ కార్యాలయాల ముద్రలో నడుమ నక్షత్రం. అది లేని కాగితం కాగితమే.

ఒక కౌంటరు నుంచి ఇంకో కౌంటరుకు తిప్పుతున్నారు. దీనికీ మాట ఉందా?

ఉండకుండా ఎలా ఉంటుంది? జపనీస్‌లో "తరాయి మవాషి", పళ్ళెంలాంటి పెద్ద తొట్టెను కాళ్ళ మీద పెట్టుకుని తిప్పుతూ ఒకరికొకరు అందించుకునే గారడీ. చైనీస్‌లో "తీ పీచ్యూ", బంతిని తన్నడం. సర్కారీ నత్తనడకను జపనీస్‌లో "ఒయాకుషో షిగొతో" అంటారు, ఆఫీసువారి పని అని గౌరవంగానే వెక్కిరింత. చైనాలో ధ్రువపత్రాల పిచ్చి ఎంతవరకు వెళ్ళిందంటే, విదేశీ యాత్రకు వెళ్ళబోయే ఒకాయనను మీ అమ్మ మీ అమ్మేనని రుజువు తెమ్మన్నారట. ఆ ఉదంతాన్ని 2015లో అప్పటి ప్రధాని లీ కచ్యాంగ్ స్వయంగా సమావేశంలో ప్రస్తావించారు. పలుకుబడితో పని జరిపించుకోవడం "జో హోమెన్", వెనక తలుపున వెళ్ళడం. మన దొడ్డిదారే.

## అనువాదం చేసేటప్పుడు

కోర్టు పదాల్లో జాగ్రత్త పడాల్సినవి?

జపాన్ కోర్టు "సైబన్షొ". అందులోని మొదటి రెండు అక్షరాలు చైనీస్‌లో "త్సాయ్‌పాన్", మామూలు మాటల్లో ఆటలో ఈల ఊదే అంపైరు. చైనా కోర్టు "ఫాయ్వెన్". న్యాయవాది జపనీస్‌లో "బెంగొషి", చైనీస్‌లో "ల్యూషి". చట్టం కింద వచ్చే నిబంధనల్లో కూడా ఒక ఉచ్చు ఉంది: జపాన్ "జోరే" స్థానిక సభలు చేసేది, అదే అక్షరాల చైనా "త్యావ్‌లీ" కేంద్ర మంత్రిమండలి జారీచేసేదీ కావచ్చు. ఎవరు జారీ చేశారో చూడకుండా స్థాయి నిర్ణయించవద్దు.

కెన్, శ్యెన్ లాంటి వాటికి తెలుగు పదం పెట్టాలా, అలాగే ఉంచాలా?

వార్త అయితే పాఠకుడు ఆగకుండా సాగాలి, కాబట్టి శ్యెన్‌కు "కౌంటీ", కెన్‌కు "ప్రిఫెక్చర్" అని పత్రికల్లో స్థిరపడిన మాటలే వాడతాను. చట్టపరమైన పత్రమైతే మూల పదం ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు ఒక వాక్యంలో వివరిస్తాను. "జిల్లా" అని రాయడం మాత్రం మానేశాను. ఆ మాట వినగానే తెలుగు పాఠకుడి ముందు కలెక్టరు ప్రత్యక్షమవుతాడు, జపాన్‌లో ఆయన లేడు.

"సొన్‌తకు", "అమకుదారి" లాంటి మాటలకు తెలుగు ఉందా?

సొన్‌తకు అంటే పైవాడు నోరు తెరవకముందే మనసు కనిపెట్టి పని చేసేయడం. ఎదుటివారి మనసు ఊహించడం అనే మంచి అర్థంతో చైనా ప్రాచీన కవితల్లోనే ఉన్న మాట. 2017లో ఒక పాఠశాల భూమి వివాదంలో అధికారులు ప్రధాని మనసెరిగి నడుచుకున్నారన్న విమర్శ వచ్చాక ఇంటింటా వినిపించి, ఆ ఏటి మాటగా ఎన్నికైంది. "ఇంగితజ్ఞానం" అంటే మెచ్చుకోలు అవుతుంది, "కాకా పట్టడం" అంటే మోటు. "పెద్దల మనసెరిగి" అన్నదే నాకు దొరికినవాటిలో దగ్గరిది.

అమకుదారి అంటే దేవతలు స్వర్గం నుంచి దిగిరావడం. పదవీ విరమణ చేసిన పెద్ద అధికారి, తాను నిన్నటిదాకా అజమాయిషీ చేసిన రంగంలోని కంపెనీలోనే కుర్చీ వేసుకోవడాన్ని ఇలా అంటారు. చైనాలో ప్రభుత్వ ఉద్యోగం "త్యె ఫాన్‌వాన్", ఇనుప అన్నం గిన్నె, కిందపడినా పగలదు. దాన్ని వదిలి వ్యాపారంలోకి దిగితే "శ్యాహాయ్", సముద్రంలో దూకడం. జపాన్ అధికారి ఆకాశం నుంచి మెల్లగా కిందికి దిగుతాడు, చైనా అధికారి ఒడ్డు నుంచి నీళ్ళలోకి దూకుతాడు. ఈ రెండు బొమ్మలనూ "స్వచ్ఛంద విరమణానంతర నియామకం" అనే సర్కారీ తెలుగులో పోసి చంపకండి, ఉన్నవున్నట్టు చెప్పి పక్కన నాలుగు మాటలు వివరించండి.